రోహిణిలో అంత ఎండ కాసినా జూన్‌లో నెల్లూరికి వాన ఎందుకు రాదు?

కోవూరు కయ్య | జూన్ 9, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. ఎడగారు వరి నాటి ఇరవై రోజులైంది. కాలవ చివరి కయ్యలు అప్పుడే నెర్రెలిస్తున్నాయి. పొద్దున ఎనిమిదింటికి మొదలైన పడమటి గాలి సాయంత్రం దాకా ఆగడం లేదు. దుమ్ము, వేడి. పైరు మొనలు ఎండిపోతున్నాయి. టీవీలో చూస్తే నైరుతి రాయలసీమలోకి వచ్చేసిందంటున్నారు. వచ్చింది గాలే, వాన కాదు.

మా నాయన ఒక మాట అనేవాడు. రోహిణిలో రోళ్లు పగిలేంత ఎండ కాస్తే ఆ ఏడు వానలకు ఢోకా లేదని. నిజమేనా?

రెండో ప్రశ్న మావాడిది. పదో తరగతి. వేసవిలో నేల వేడెక్కుతుంది, సముద్రం అంత వేడెక్కదు, అందుకని గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి వీస్తుంది, అదే రుతుపవనం అని పుస్తకంలో ఉందట. "మనకి సముద్రం తూర్పున ఉంది కదా నాయనా, మరి గాలి పడమర నుంచి ఎందుకొస్తోంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

---

పొదిలి మాస్టారు | జూన్ 9, ఉదయం 8:15

మీవాడి ప్రశ్న చాలా మంచిది. ముప్ఫై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. ఇంత సూటిగా ఒక్క పిల్లవాడూ అడగలేదు.

పుస్తకంలో ఉన్నది ఎడ్మండ్ హేలీ 1686లో చెప్పిన ఊహ. తోకచుక్కకు పేరు పెట్టుకున్న ఆ హేలీయే. అది పూర్తిగా తప్పు కాదు. నేల, సముద్రం వేర్వేరుగా వేడెక్కకపోతే కథ మొదలే కాదు. అయితే పాఠం చెప్పేటప్పుడు నన్ను తొలిచిన విషయం ఒకటుంది. మన దేశంలో నేల బాగా కాలేది మే నెలలో. వానలు దంచేది జూలై, ఆగస్టుల్లో. అప్పటికి నేల చల్లబడిపోయి ఉంటుంది. నేల వేడే గాలిని లాగుతున్నట్టయితే, నేల చల్లబడ్డాక గాలి తగ్గాలి. కానీ జూలైలో ఇంకా పెరుగుతుంది. ఎందుకు?

---

కనిగిరి మెట్ట | జూన్ 9, ఉదయం 9:02

మా వైపూ ఇంతే అన్నా. కంది వేద్దామని దుక్కి దున్ని ఉంచాం. మేఘాలు పడమటి నుంచి వచ్చి తల మీదుగా పోతున్నాయి. చుక్క రాలడం లేదు.

---

ఒంగోలు వాతావరణం | జూన్ 9, రాత్రి 9:30

కోవూరు అన్నా, మాస్టారూ, నేను ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ శాస్త్రం ఎమ్మెస్సీ చేశాను. ఇద్దరి ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

గాలిని నడిపే వేడి రెండు రకాలు. ఒకటి ఎండకు కాలిన నేల తన పైనున్న గాలికి ఇచ్చే వేడి. రెండోది ఆవిరి నీరుగా మారేటప్పుడు బయటపడే వేడి. దీన్నే గుప్తోష్ణం అంటారు. రుతుపవనం మొదలయ్యాక దాన్ని నడిపించేది ముఖ్యంగా ఈ రెండోదే.

అది ఎంత పెద్దదో లెక్క కట్టి చూద్దాం. కిలో ఆవిరి నీరైతే దాదాపు 25 లక్షల జౌళ్ల వేడి వస్తుంది. ఒక ఎకరంలో 10 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. అది సుమారు 40 వేల లీటర్ల నీరు. ఆ నీరు మేఘంలో తయారైనప్పుడు విడుదలైన వేడి దాదాపు 28 వేల యూనిట్ల కరెంటుకు సమానం. మీ 5 హెచ్‌పీ మోటారు పది నెలలు రాత్రీ పగలూ ఆగకుండా తిరిగితే కాలే కరెంటు అది. ఒక్క ఎకరానికి, ఒక్క వానకు! ఉత్తర బంగాళాఖాతం మీద, బర్మా తీరం మీద వర్షాకాలంలో ఇలాంటి వాన లక్షల చదరపు కిలోమీటర్ల మేర పడుతూనే ఉంటుంది.

ఈ వేడి నేల మీద కాదు, కొన్ని కిలోమీటర్ల ఎత్తులో, మేఘం లోపల పుడుతుంది. రోజుకు 10 మిల్లీమీటర్ల వాన పడేచోట ఆ వేడంతా అక్కడే నిలిచిపోతే నేల నుంచి పైదాకా గాలి మొత్తం రోజుకు రెండున్నర డిగ్రీల చొప్పున వేడెక్కుతూ పోవాలి. అలా జరగదు. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో గాలి అలాంటి తేడాను నిలవనివ్వదు. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, లేచేకొద్దీ వ్యాకోచించి చల్లబడుతుంది. అంటే వచ్చిన వేడంతా గాలిని పైకి ఎత్తడానికి ఖర్చవుతుంది. పైకి పోయిన గాలి జాగాలోకి కింద చుట్టుపక్కల నుంచి గాలి రావాలి. ఆ వచ్చే గాలి సముద్రం మీది ఆవిరిని మోసుకొస్తుంది. ఆ ఆవిరి మళ్లీ వానై మళ్లీ వేడినిస్తుంది.

మాస్టారూ, నేల చల్లబడ్డా గాలి ఎందుకు పెరుగుతుందన్నారు కదా, ఇందుకే. గాలి వల్ల వాన వస్తుందని మనం అనుకుంటాం. వాన వల్ల గాలి రావడం కూడా అంతే నిజం.

ఇక మీ నాయనగారి మాట. ఎండ ఎక్కువైతే వాన ఎక్కువ అన్నదానికి లెక్కలు మద్దతివ్వవు. రాజస్థాన్, పాకిస్తాన్ మీద మే, జూన్‌లలో ఏర్పడే వేడి అల్పపీడనం చూడండి. నేల భగ్గుమంటుంది, కానీ ఆ వేడి గాలి లోతు తక్కువ. దాని పైన పొడిగాలి కిందికి దిగుతూ మూత వేసినట్టు ఉంటుంది. అక్కడ వాన పడదు. రుతుపవనాల శాస్త్రవేత్త సులోచనా గాడ్గిల్ గారు ఈ విషయాన్నే పట్టి చెప్పారు: వానలు తగ్గిన ఏళ్లలో నేల ఇంకా ఎక్కువ వేడిగా ఉంటుంది, ఎందుకంటే తడిపి చల్లబరిచే వాన లేదు. నేల వేడి వానకు కారణమే అయితే కరువు ఏళ్లలో వానలు దంచాలి. రుతుపవనమంటే పెద్ద సైజు సముద్రపు గాలి కాదని, భూమధ్యరేఖ దగ్గరుండే వానల పట్టీ ఎండాకాలంలో ఉత్తరానికి జరిగి మన దేశం మీదికి రావడమని ఆవిడ వాదించారు. నాకు ఆ మాటే సబబనిపిస్తుంది.

మీవాడి ప్రశ్న మిగిలింది. దానికి రేపు విడిగా రాస్తాను, అది ఇంకా బాగుంటుంది.

---

కోవూరు కయ్య | జూన్ 9, రాత్రి 10:20

అమ్మా, మోటారు లెక్క రెండుసార్లు చదివాను. మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. పది నెలలా! రేపటి కోసం మావాడు ఎదురు చూస్తున్నాడు.

---

మైపాడు తీరం | జూన్ 10, ఉదయం 5:55

వేట నిషేధం జూన్ 14 దాకా ఉంది కాబట్టి ఒడ్డునే ఉన్నాం. సముద్రం పని చేసే మాకు గాలే గడియారం. ఏప్రిల్‌లో పదకొండు, పన్నెండింటికే తూర్పు గాలి తిరుగుతుంది. జూన్ వచ్చిందంటే పడమటి గాలి దాన్ని రానివ్వదు. కొన్ని రోజులు మూడు దాటినా రాదు. అసలు రాని రోజులూ ఉంటాయి. ఆ రోజు ఊళ్లో నిద్ర ఉండదు. కాబట్టి తమ్ముడి పుస్తకంలో ఉన్న గాలి ఉంది. దాన్ని వెనక్కి నెట్టే పెద్ద గాలి ఇంకోటి ఉంది.

---

ఒంగోలు వాతావరణం | జూన్ 10, రాత్రి 9:10

మైపాడు అన్న సగం జవాబు చెప్పేశారు.

పుస్తకంలోని సముద్రపు గాలి చిన్నది. తీరం నుంచి కొన్ని పదుల కిలోమీటర్ల లోపలికి, ఒక్క పగటి పూట. పడమటి గాలి అలా కాదు. దక్షిణార్ధగోళంలో బయలుదేరి, కెన్యా, సోమాలియా తీరం దగ్గర మలుపు తిరిగి, అరేబియా సముద్రం దాటి, పడమటి కనుమలెక్కి, మన మీదుగా బంగాళాఖాతంలోకి పోతుంది. సోమాలియా దగ్గర కిలోమీటరు, కిలోమీటరున్నర ఎత్తులో ఉండే దాని ఉధృతిని 1969లో ఫైండ్‌లేటర్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. అందుకే దానికి ఆయన పేరు పెట్టారు.

ఆ గాలి ఎక్కడికి పోతోంది? ఉత్తర బంగాళాఖాతం, బర్మా తీరాల మీద నిన్న చెప్పిన ఆ మహా వేడి దగ్గరికి. ఇటుకల బట్టీ మండుతుంటే కింద నోటి దగ్గర గాలి లోపలికి లాక్కుంటుంది కదా, అలాంటిదే. కాకపోతే భూమి తిరుగుతోంది కాబట్టి ఆ గాలి అన్ని వైపుల నుంచీ సమానంగా రాదు. దీని గణితాన్ని జపాన్‌కు చెందిన మత్సునో 1966లో వేశాడు. దాని మీద 1980లో గిల్ ఒక సులువైన పరిష్కారం చూపించాడు. భూమధ్యరేఖకు ఉత్తరంగా ఒకచోట వేడి పెడితే ఏమవుతుంది? ఆ వేడికి పడమటి వైపున ఒక పెద్ద అల్పపీడనపు సుడి ఏర్పడుతుంది. దాని దక్షిణపు అంచున గాలి పడమర నుంచి తూర్పుకు ఉరుకుతుంది. వేడికి తూర్పు వైపున, భూమధ్యరేఖ వెంట, గాలి ఎదురుగా తూర్పు నుంచి వస్తుంది. పడమటి వైపు స్పందనను రాస్బీ తరంగమని, తూర్పు వైపుదాన్ని కెల్విన్ తరంగమని అంటారు. ఇది పరీక్షకు బట్టీ పట్టిన ముక్క కాదు నాకు. ఆ పటం మొదటిసారి చూసినప్పుడు మా ఒంగోలులో జూన్‌లో కొట్టే గాలి కళ్ల ముందు కనిపించింది.

తమ్ముడికి చెప్పండి: నెల్లూరు ఆ బట్టీ నోట్లోకి పోయే దారిలో ఉంది. మన మీదుగా పోయే గాలి మన కోసం వస్తున్నది కాదు.

మరి దారిలో మనకు వాన ఎందుకు రాల్చదు? పడమటి కనుమలు ఎక్కేటప్పుడే చాలావరకు తడి పిండేసుకుంటుంది. అవతల దిగేటప్పుడు, మళ్లీ వెలిగొండలు దాటి మన వైపు దిగేటప్పుడు ప్రతి 100 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. మీ పైరు మొనలను మాడుస్తున్నది ఆ దిగిన గాలే.

---

పొదిలి మాస్టారు | జూన్ 11, ఉదయం 7:30

అమ్మా, చాలా సంతోషం. ఒక్క అభ్యంతరం. మేము చదువుకున్న రోజుల్లో టిబెట్ పీఠభూమి గురించి గట్టిగా చెప్పేవారు. నాలుగైదు వేల మీటర్ల ఎత్తున ఉన్న నేల ఎండకు కాలి, గాలిని నడిమధ్యలోనే వేడి చేస్తుందని, రుతుపవనానికి అదే ఇంజనని. దాన్ని తీసి పక్కన పెట్టేస్తున్నారా?

---

ఒంగోలు వాతావరణం | జూన్ 11, రాత్రి 8:45

పక్కన పెట్టడం లేదు మాస్టారూ, కానీ దాని స్థానం మారింది. 2010లో బూస్, క్వాంగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కంప్యూటర్ నమూనాలో టిబెట్ పీఠభూమిని తీసేసి, హిమాలయాల సన్నటి గోడను మాత్రం ఉంచి చూశారు. దక్షిణాసియా రుతుపవనం పెద్దగా తగ్గలేదు. వాళ్లు చెప్పిందేమిటంటే, పర్వతాల ముఖ్యమైన పని ఉత్తరాది చల్లని పొడిగాలిని ఇటు రాకుండా అడ్డుకోవడం. అప్పుడు గంగా మైదానం మీద వేడి, తడి రెండూ పోగుపడి అక్కడే మేఘాలు లేస్తాయి. దీని మీద వాదనలు ఆగలేదు. పీఠభూమి వేడికి కూడా పాత్ర ఉందనేవాళ్లు గట్టిగానే ఉన్నారు, తూర్పు ఆసియా రుతుపవనం విషయంలో మరీను. నా మట్టుకు గోడ వాదనే బలంగా కనిపిస్తోంది.

మీరు పై గాలి ఊసెత్తారు కాబట్టి మన తెలుగువారి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. వేడెక్కిన గాలి స్తంభం ఉబ్బుతుంది. దాంతో పైన పీడనం పెరిగి గాలి బయటికి పొర్లుతుంది. దక్షిణానికి పొర్లిన గాలి భూభ్రమణం వల్ల పడమటికి వంగి, ఉధృతమైన తూర్పు గాలిగా మారుతుంది. ఇంచుమించు 15 కిలోమీటర్ల ఎత్తులో, గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగంతో, దక్షిణ భారతం మీదుగా అది ఆఫ్రికా దాకా పోతుంది. దీన్ని వివరించి 1958లో పరిశోధనా పత్రం రాసినవారు పి. కోటేశ్వరం గారు. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. ఇప్పుడు తిరుపతి దగ్గర గాదంకిలోని ఎం.ఎస్.టి. రాడార్ ఆ గాలిని నేల మీద నుంచే కొలుస్తోంది.

జూలైలో ఎప్పుడైనా మీ కయ్య గట్టు మీద నిలబడి చూడండి అన్నా. ముఖానికి కొట్టేది పడమటి గాలి. నెత్తిన 15 కిలోమీటర్ల పైన తూర్పు గాలి. రెండూ ఒకే వేడికి పుట్టినవి.

---

సోమశిల ఆయకట్టు | జూన్ 12, మధ్యాహ్నం 1:15

నేను కాలవల మీద లస్కరుగా పని చేసి రిటైరైనవాడిని. అమ్మాయి చెప్పిన దాంట్లో మన జిల్లాకు సంబంధించిన పెద్ద సంగతి ఒకటి చేర్చాలి.

నైరుతి వాన మనకు రాదని బాధ పడుతున్నారు, నిజమే. మన జిల్లాకు ఏడాది వానలో దాదాపు 60 శాతం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. కానీ నైరుతి నీళ్లు మాత్రం మనకు వస్తాయి. కృష్ణమ్మ పుట్టేది మహాబలేశ్వరంలో. ఆ కనుమల మీద పడమటి గాలి పిండుకున్న తడే కృష్ణలోకి దిగి శ్రీశైలం నిండుతుంది. శ్రీశైలం జలాశయం ఒడ్డునున్న పోతిరెడ్డిపాడు గేట్లు ఎత్తితే ఆ నీరు పెన్నలో కలిసి సోమశిలకు చేరుతుంది. 78 టీఎంసీల సోమశిల, 68 టీఎంసీల కండలేరు ఆగస్టు, సెప్టెంబరులో ఎక్కువగా నిండేది మన మీద పడిన వానతో కాదు, ఆ నీళ్లతో.

కోవూరు తమ్ముడూ, నీ పైరు మాడుస్తున్న ఈ గాలే మహాబలేశ్వరం దగ్గర వాన కురిపించి నీ రబీకి నీళ్లు తెస్తోంది. గాలి గట్టిగా కొట్టిన ఏడాది కాలవలు నిండుగా పారడం నేను చాలాసార్లు చూశాను.

---

కోవూరు కయ్య | జూన్ 12, మధ్యాహ్నం 2:05

పెద్దాయనా, ఈ ముక్క ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. గాలిని తిట్టుకోవడమే తెలుసు.

---

కనిగిరి మెట్ట | జూన్ 12, రాత్రి 7:40

మాకు కృష్ణా నీళ్లు రావు, పెన్నా నీళ్లు రావు. ఆకాశమే దిక్కు. అక్కా, ఎల్ నినో సంగతి చెప్పండి. ఏటా మే నెలలో టీవీవాళ్లు ఆ పేరు చెప్పగానే టెన్షన్ మొదలవుతుంది. విత్తనాలు కొనాలా వద్దా అని.

---

ఒంగోలు వాతావరణం | జూన్ 13, ఉదయం 6:30

తమ్ముడూ, ఎల్ నినో కూడా ఈ వేడి కథే. మామూలు ఏళ్లలో పసిఫిక్‌లో గోరువెచ్చని నీళ్లు ఇండోనేషియా వైపు పోగై ఉంటాయి. వానలూ, వాటితో పుట్టే వేడీ అక్కడే. ఎల్ నినో ఏడాది ఆ నీళ్లు తూర్పుకు జరుగుతాయి, వాటితో వానల వేడి కూడా పసిఫిక్ నడిమధ్యకు పోతుంది. గాలి అక్కడ లేస్తే ఇంకెక్కడో దిగాలి. ఆ దిగే చోట్లలో తరచుగా మనమూ ఉంటాం. దిగే గాలి కింద మేఘం ఎదగదు. 2002లో దేశం మొత్తానికి నైరుతి వాన 19 శాతం, 2009లో 22 శాతం, 2015లో 14 శాతం తగ్గింది. మూడూ ఎల్ నినో ఏళ్లే.

అయితే 1997లో ఎల్ నినో చాలా బలంగా ఉన్నా దేశానికి మామూలు వాన పడింది. ఆ ఏడాది హిందూ మహాసముద్రంలో ఆఫ్రికా వైపు నీళ్లు ఎక్కువ వేడెక్కి మనకు అనుకూలంగా పని చేశాయి. వేడి ఒక్కచోటే ఉండదు, చాలాచోట్ల ఉండి ఒకదాన్నొకటి లాగుతుంటుంది. అందుకే ఎల్ నినో మాట వినగానే పంట మానుకోవద్దు.

ఇంకొకటి, ఇది మన జిల్లాలకు ముఖ్యం. ఎల్ నినో నైరుతిని దెబ్బ తీసినా, సగటున ఈశాన్యానికి, అంటే మన అక్టోబరు-డిసెంబరు వానలకు, మేలే చేస్తుంది. 2015 నవంబరు గుర్తుందా? నైరుతి ముఖం చాటేసిన ఏడాదే నెల్లూరును వానలు ముంచాయి.

---

సోమశిల ఆయకట్టు | జూన్ 13, ఉదయం 8:00

2021 నవంబరు కూడా గుర్తుంది అమ్మా. పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. హైవే తెగింది. అప్పుడు ఎల్ నినో కాదే?

---

ఒంగోలు వాతావరణం | జూన్ 13, ఉదయం 8:25

కాదు, అది లా నినా ఏడాది, అంటే ఎల్ నినోకు సరిగ్గా ఎదురు. మీరు చెప్పింది సరైన హెచ్చరిక. సగటు వేరు, ఒక్క ఏడాది వేరు. బంగాళాఖాతంలో ఒక్క వాయుగుండం సరైన దారి పట్టుకుంటే నాలుగు రోజుల్లో లెక్కంతా మారిపోతుంది.

---

పొదిలి మాస్టారు | జూన్ 13, రాత్రి 9:00

మా నాన్నగారు వానల గురించి ఒక పుస్తకంలో రాసుకునేవారు. అందులో చాలాచోట్ల కనిపించే మాట: "శ్రావణంలో పడమటి గాలి పడిపోయింది. సాయంత్రం ఉరుములు. దుక్కి వాన." గాలి ఆగితేనే మాకు వాన అని ఆయన నమ్మకం. మీరు చెప్పిన లెక్కలో గాలి బలంగా ఉంటే వాన బలంగా ఉండాలి. ఈ రెండూ ఎలా పొసుగుతాయి?

---

ఒంగోలు వాతావరణం | జూన్ 14, ఉదయం 6:15

మీ నాన్నగారి పుస్తకం బంగారం మాస్టారూ, జాగ్రత్తగా దాచండి.

బంగాళాఖాతం తలమీద, మధ్య భారతం మీద వానలు కొన్నాళ్లు దంచి, కొన్నాళ్లు ఆగుతాయి. మేఘాలు ఎండను కప్పేయడం, సముద్రపు పైపొర కాస్త చల్లబడటం, పొడిగాలి చొరబడటం లాంటివి దానికి కారణాలు. ఆగినప్పుడు రుతుపవన ద్రోణి, అంటే ఉత్తర భారతం మీద పొడుగ్గా పరుచుకునే అల్పపీడనపు పట్టీ, హిమాలయాల పాదాల దగ్గరికి జరిగిపోతుంది. అక్కడ, అస్సాం వైపు వానలు పెరుగుతాయి, మధ్య భారతం ఎండుతుంది. వాతావరణ శాఖవారు దీన్నే రుతుపవన విరామం అంటారు. వేడి స్థానం మారింది కాబట్టి మన మీది పడమటి లాగుడు తగ్గుతుంది. సముద్రపు గాలి లోపలికి రాగలుగుతుంది. మధ్యాహ్నం నేల వేడికి మేఘాలు లేచి సాయంత్రం ఉరుములతో కురుస్తాయి. తమిళనాడు, రాయలసీమ, నెల్లూరు, పశ్చిమ ప్రకాశం, ఈ ప్రాంతాలకు నైరుతి కాలంలో పడే వానలో చాలా భాగం ఇలాంటి రోజుల్లోదే. మధ్య భారతంలో వానలు ఆగాయని వార్త వస్తే, కనిగిరి తమ్ముడూ, నువ్వు గొర్రు సిద్ధం చేసుకోవచ్చు.

---

కనిగిరి మెట్ట | జూన్ 14, ఉదయం 7:10

ఈ ఒక్క మాట చాలు అక్కా. ఇక నుంచి ఢిల్లీ వార్తలు కూడా చూస్తాను.

---

కోవూరు కయ్య | జూన్ 16, రాత్రి 8:30

మావాడు నోటుపుస్తకం పెట్టాడు. రోజూ తూర్పు గాలి ఎన్నింటికి తిరిగిందో రాస్తున్నాడు. 14న రానే లేదు. 15న సాయంత్రం 4:50. ఇవాళ 3:35. వచ్చిన పది నిమిషాలకే ఉక్క మారింది, గాలికి తడి వచ్చింది. సమయం ముందుకు జరిగితే ఉత్తరాన వాన తగ్గుతున్నట్టేనా అని అడగమంటున్నాడు.

---

ఒంగోలు వాతావరణం | జూన్ 16, రాత్రి 9:05

మూడు రోజులతో చెప్పలేం. సెప్టెంబరు దాకా రాయమనండి. పక్కన ఆ రోజు ఉత్తర బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందో లేదో కూడా రాయమనండి, వార్తల్లో చెప్తారు. తర్వాత రెండూ కలిపి చూద్దాం. నేనూ ఒంగోలులో మొదలుపెడతాను.

---

మైపాడు తీరం | జూన్ 17, ఉదయం 5:40

ఇవాళ బోట్లు కడలికి పోతున్నాయి. నిన్న మాకు ఒడ్డున తూర్పు గాలి తిరిగింది 1:40కి. తమ్ముడికి చెప్పన్నా, మీ దాకా రావడానికి రెండు గంటలు తక్కువ ఐదు నిమిషాలు పట్టింది. నేను వేటలో ఉన్న రోజు మా ఇంట్లోవాళ్లు చూసి టైము పెడతారు.